తీగలు తీసేస్తే బొమ్మ నిలుస్తుందా?

నాటకాన్ని నడిపేవాణ్ణి మనం సూత్రధారి అంటాం. సూత్రం అంటే దారం. దారం పట్టుకున్నవాడు సూత్రధారి. ఈ మాట బొమ్మలాట నుంచే నాటకానికి వచ్చిందని చెప్పే పండితులు ఉన్నారు. ఆ చర్చ ఎలా ఉన్నా, 1960లలో ఇంగ్లండులో కొందరు సూత్రధారులు వెంట్రుకల్లాంటి టంగ్‌స్టన్ తీగలు పట్టుకుని రాకెట్లు, జలాంతర్గాములు, అంతరిక్ష కేంద్రాలు ఉన్న ఒక భవిష్యత్తునే ఆడించారు. ఆ బొమ్మలాట పేరు ‘థండర్‌బర్డ్స్’. జెర్రీ ఆండర్సన్, సిల్వియా ఆండర్సన్ దంపతులు దీని సృష్టికర్తలు. 1965 సెప్టెంబరు 30న బ్రిటిష్ టెలివిజన్‌లో ప్రసారం మొదలైంది. మొత్తం 32 భాగాలు, ఒక్కొక్కటి సుమారు 50 నిమిషాలు.

ఆ తర్వాతి అరవై ఏళ్లలో ఇది ఎన్నో అవతారాలెత్తింది. సినిమా అయింది, గ్రామఫోను రికార్డు అయింది, రేడియో నాటకం అయింది, రంగస్థలం ఎక్కింది. మనుషులు నటించిన చిత్రంగానూ, కంప్యూటర్ బొమ్మల ధారావాహికగానూ వచ్చింది. చిత్రమేమిటంటే, భారీగా డబ్బు పోసిన అవతారం కుప్పకూలింది. ఇద్దరు నటులు, రెండు టోపీలతో ఆడిన అవతారం దేశాలు తిరిగింది. ఎందుకలా జరిగింది? దీనికి జవాబులో సగం సాహిత్య విమర్శలో దొరుకుతుంది. మిగతా సగం మీ భౌతికశాస్త్ర పాఠంలోనే ఉంది.

గనిలో పుట్టిన కథ

1963 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని లెంగెడె అనే చోట ఇనుప ఖనిజపు గనిలోకి నీరు ముంచెత్తింది. 29 మంది చనిపోయారు. భూగర్భంలో చిక్కుకున్న 11 మందిని రెండు వారాల తర్వాత, నవంబరు 7న, పైనుంచి బోరు తవ్వి, అందులోకి ఇరుకైన ఉక్కు గొట్టంలాంటి క్యాప్సూల్ దింపి ఒక్కొక్కరినీ పైకి లాగారు. ఆ వార్తలు విన్న జెర్రీ ఆండర్సన్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఇలాంటి ప్రమాదం ఎక్కడ జరిగినా, సరైన యంత్రాన్ని గంటల్లో అక్కడికి చేర్చగల సంస్థ ఒకటి ఉంటే?

ఆ ఊహే ‘ఇంటర్నేషనల్ రెస్క్యూ’. మాజీ వ్యోమగామి జెఫ్ ట్రేసీ, ఆయన ఐదుగురు కొడుకులు, బ్రెయిన్స్ అనే ఇంజనీరు, లండన్‌లో వారి ప్రతినిధి లేడీ పెనెలొపి, ఆమె డ్రైవరు పార్కర్. ఒక దీవిలో దాచిన ఐదు మహాయంత్రాలు. వాటికి ఆయుధాలున్నా కథ నడిచేది వాటితో కాదు. పని మనుషుల్ని కాపాడటమే.

ఈ కథకు పునాది అయిన రక్షణ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. 1989 నవంబరులో పశ్చిమ బెంగాల్‌లోని రాణిగంజ్ ప్రాంతంలో మహావీర్ బొగ్గు గనిని నీరు ముంచెత్తినప్పుడు, జస్వంత్ సింగ్ గిల్ అనే ఇంజనీరు ఇలాగే బోరు తవ్వించి, ఉక్కు క్యాప్సూల్‌లో తానే కిందికి దిగి, 65 మందిని బయటికి పంపించారు. కనుక థండర్‌బర్డ్స్‌ని కేవలం పిల్లల కాలక్షేపం అనుకోకండి. ‘సైన్సు ఎవరికోసం?’ అన్న ప్రశ్నకు అది ఇచ్చిన జవాబు గట్టిది.

నడవలేని బొమ్మ నేర్పిన కళ

ఇప్పుడు బొమ్మల సంగతి. వాటి ఎత్తు సుమారు 22 అంగుళాలు. ముందుగా నటుల సంభాషణల్ని టేపు మీద రికార్డు చేసేవారు. ఆ టేపు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలు తీగల గుండా బొమ్మ తలలో ఉన్న సోలినాయిడ్ అనే విద్యుదయస్కాంత చుట్టను పనిచేయించేవి. దాంతో మాటకు తగినట్లు కింది పెదవి కదిలేది. ఈ పరికరం పట్టడం కోసమే బొమ్మల తలలు శరీరానికి మించి పెద్దవయ్యాయి.

వాటికి ఉన్న అసలు లోపం నడక. తీగలకు వేలాడే బొమ్మ నేల మీద బరువు వేయలేదు, అందుకే దాని నడక తేలిపోతుంది. మరేం చేశారు? వాటిని నడిపించడమే మానేశారు! పైలట్లు గోడలోని తలుపు తిరిగితే అవతలికి వెళతారు, జారుడు గొట్టాల్లో జారుతారు, సోఫాలో కూర్చున్నవాళ్లు సోఫాతో సహా నేలలోకి దిగిపోతారు. ఈత కొలను పక్కకు జరుగుతుంది, కింది నుంచి రాకెట్ లేస్తుంది. ప్రపంచమంతా పిల్లలు ఊపిరి బిగబట్టి చూసిన ఈ సన్నివేశాలు ఒక లోపాన్ని కప్పిపుచ్చడానికి పుట్టినవే. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, తర్వాతి అవతారాల్ని తూచడానికి మనకు పనికొస్తుంది.

యంత్రాల విషయంలో పరిస్థితి తలకిందులు. అక్కడ సమస్య తేలిక కాకుండా చూడటం. డెరెక్ మెడింగ్స్ నాయకత్వంలోని బృందం బల్ల మీద పట్టే నమూనాల్ని వందల టన్నుల యంత్రాల్లా చూపించాలి. ఎలా? చిన్న లెక్క వేద్దాం. 25 మీటర్ల ఎత్తు నుంచి పడే వస్తువు నేలను తాకడానికి సుమారు 2.25 సెకన్లు పడుతుంది. 25వ వంతు నమూనాలో ఆ ఎత్తు 1 మీటరు. అక్కడి నుంచి పడటానికి సుమారు 0.45 సెకను చాలు. అంటే పరిమాణం 25 రెట్లు తగ్గితే కాలం 25 రెట్లు తగ్గదు, దాని వర్గమూలమైన 5 రెట్లే తగ్గుతుంది. కనుక సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120 ఫ్రేముల వేగంతో చిత్రీకరించి, మామూలు వేగంతో చూపిస్తే, కూలే నమూనా గోపురం నిజమైన గోపురమంత నిదానంగా కూలుతుంది. మన కన్ను ఆ నిదానాన్ని ‘బరువు’గా అర్థం చేసుకుంటుంది. సెకనుకు 120 ఫ్రేముల దాకా తీయగల కెమెరాలను ఆ బృందం వాడింది.

నీటితో మాత్రం ఈ ఉపాయం పారదు. నీటి చుక్క పరిమాణాన్ని తలతన్యత నిర్ణయిస్తుంది, నమూనా చిన్నదైనంత మాత్రాన చుక్క చిన్నది కాదు. అందుకే థండర్‌బర్డ్స్‌లో సముద్ర దృశ్యాలు ఇప్పుడు చూస్తే తొట్టిలో నీళ్లలా కనిపిస్తాయి.

మొదటి భాగం ‘ట్రాప్డ్ ఇన్ ద స్కై’లో అణుశక్తితో నడిచే ‘ఫైర్‌ఫ్లాష్’ అనే విమానం చక్రాల అరలో బాంబు ఉంటుంది. చక్రాలు దించితే పేలుతుంది. దించకుండా గాలిలోనే ఎక్కువసేపు తిరిగితే ప్రయాణికులకు అణుధార్మికత సోకుతుంది. చివరికి రన్‌వే మీద పరుగెత్తే మూడు బండ్ల మీద విమానాన్ని దించుతారు. ఈ దృశ్యంలో బండ్లు ముందుకు కదలవు. వాటి కింద రోడ్డే పట్టాలా వెనక్కి తిరుగుతుంది! గాలి సొరంగంలో విమాన నమూనాను కదలకుండా ఉంచి గాలిని వీచినట్లే ఇదీ సాపేక్ష చలనమే.

ఇప్పుడు మన తూకపు రాళ్లు రెండు. ఒకటి, యంత్రాలకు బరువు ఉందా? రెండు, గడియారం టిక్కుటిక్కుమంటుండగా ఎవరినైనా కాపాడుతున్నారా? వీటితో అవతారాల్ని ఒక్కొక్కటిగా తూచుదాం.

బొమ్మలతోనే వెండితెర

1966లో ‘థండర్‌బర్డ్స్ ఆర్ గో’, 1968లో ‘థండర్‌బర్డ్ 6’ అనే రెండు సినిమాలు బొమ్మలతోనే వచ్చాయి. రెండూ డబ్బు తేలేదు. మొదటిదానిలో అంగారక గ్రహానికి వెళ్లే ‘జీరో ఎక్స్’ నౌక భాగాలు ఒక్కొక్కటిగా వచ్చి కలిసే దృశ్యం చాలాసేపు సాగుతుంది. యంత్రానికి బరువు ఇవ్వడంలో దీనికి సాటి తక్కువ. కానీ కాపాడవలసిన ఘట్టం చివర్లో గానీ రాదు. మధ్యలో కల, పాట, అంగారకుడి మీద నిప్పులు కక్కే రాతి పాములు. 1965 జులైలోనే మారినర్ 4 నౌక అంగారకుడి బిలాల ఫోటోలు పంపింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన చిత్రంలో ఈ పాములేమిటని అడిగే హక్కు సైన్సు చదివేవారికి ఉంది.

రెండోదాన్ని విమర్శకులు తేలిగ్గా తీసిపారేశారు గానీ, నా దృష్టిలో అది మెరుగైన కథ. ఆరో యంత్రాన్ని తయారుచేయమని జెఫ్ అడుగుతాడు. బ్రెయిన్స్ ఎన్ని నమూనాలు చూపినా ఒప్పుకోడు. చివరికి ఒక ఆకాశనౌక కూలబోతూ ఉన్నప్పుడు, మహాయంత్రాలు చేయలేని పనికి టైగర్ మాత్ అనే పాత రెండంతస్తుల రెక్కల చిన్న విమానం అక్కరకొస్తుంది. అదే ఆరో థండర్‌బర్డ్! ఒకప్పుడు మన దేశపు ఫ్లయింగ్ క్లబ్బుల్లోనూ శిక్షణకు వాడిన విమానమే ఇది. కొత్త యంత్రమే ఎప్పుడూ మంచి యంత్రం కాదని ఒక యంత్రాల కథ చెప్పడం చిన్న విషయం కాదు.

కళ్లు మూసుకుని చూసేది

రేడియో అవతారం గురించి వినగానే ‘యంత్రాలు కనబడని థండర్‌బర్డ్సా?’ అనిపిస్తుంది. కాని ముందు చెప్పినది గుర్తుచేసుకోండి. ఈ బొమ్మలాటలో ముందు పుట్టేది శబ్దం. నటులు మైకు ముందు కూర్చుని నాటకమంతా చదివేస్తారు, తర్వాతే బొమ్మ పెదవి కదుపుతుంది. అంటే దీని వెన్నెముక మొదటినుంచీ రేడియో నాటకమే.

అందుకే 1965-67 మధ్య వచ్చిన చిన్న గ్రామఫోను రికార్డులు సహజంగా అమరాయి. ఒక్కొక్కటి సుమారు 21 నిమిషాల కథ, అసలు నటుల గొంతులు, వాటి వెనుక బ్యారీ గ్రే సంగీతం. ఇత్తడి వాద్యాల ఆ సంగీతం సగం యంత్రాన్ని మన చెవిలోనే నిర్మించేస్తుంది. 1990ల ఆరంభంలో బీబీసీ రేడియో 5 కూడా పాత శబ్దాన్నే కూర్చి ప్రసారం చేసింది. బొమ్మ లేకపోయినా గడియారపు ఉత్కంఠ పోలేదు. రేడియో ఓడిపోయేది ఒక్కచోటే. యంత్రం చేసే పనిని పాత్రలు ఒకరికొకరు వివరించుకోవలసి వచ్చినప్పుడు అది పాఠంలా మారుతుంది.

1991లో బీబీసీ 2 అసలు ధారావాహికను తిరిగి ప్రసారం చేయడంతో బ్రిటన్‌లో కొత్త తరం పిల్లలు దాని వెంటపడ్డారు. దీవి బొమ్మ దుకాణాల్లో దొరక్కుండా పోయింది. అప్పుడు ‘బ్లూ పీటర్’ అనే పిల్లల కార్యక్రమం అట్టపెట్టెలు, పాత కాగితాలతో ఆ దీవిని ఇంట్లోనే ఎలా చేసుకోవచ్చో చూపించింది. తయారీ సూచనల కోసం ఉత్తరాలు వెల్లువెత్తాయి. నన్నడిగితే, అన్ని అవతారాల్లోనూ ఇది తక్కువైనదేమీ కాదు. చూసేవాణ్ణి చేసేవాడిగా మార్చింది కదా!

రెండు టోపీల రంగస్థలం

1980ల చివర్లో, 1990లలో ఆండ్రూ డాసన్, గావిన్ రాబర్ట్‌సన్ అనే ఇద్దరు మూకాభినయ కళాకారులు ‘థండర్‌బర్డ్స్ ఎఫ్.ఏ.బి.’ అనే ప్రదర్శన ఆడారు. లండన్‌లో ఆడి, తర్వాత దేశదేశాలు తిరిగారు. రంగస్థలం మీద రాకెట్టును ఎగరేయడం ఎలా? యంత్రాల నమూనాల్ని టోపీలుగా తలకు పెట్టుకున్నారు! ఇక నడక. మనుషులై ఉండి, తీగలకు వేలాడే బొమ్మల్లా మోకాళ్లు ఎగరేస్తూ, పాదాలు నేలకు ఆనీ ఆననట్టు నడిచారు. ఆ నడకకు జనంలో ‘థండర్‌బర్డ్స్ నడక’ అన్న పేరే స్థిరపడింది.

ఇందులోని తెలివి గమనించండి. టెలివిజన్ వాళ్లు దాచడానికి నానా తంటాలూ పడిన లోపాన్ని వీళ్లు బహిరంగంగా అందరి ముందూ పెట్టారు. బొమ్మలో మనిషిని చూపే కళకు ఎదురుగా మనిషిలో బొమ్మను చూపే కళ. ఒప్పుకోవలసిందేమిటంటే, దీనిలో ప్రమాదం వల్ల భయం కలగదు, నవ్వే వస్తుంది. మన రెండో తూకపు రాయికి ఇది తక్కువ తూగుతుంది. కానీ అదే డాసన్ ‘స్పేస్ పనోరమా’ అనే మరో ప్రదర్శనలో ఒక బల్ల ముందు నిలబడి, షోస్టకోవిచ్ పదో సింఫనీ సంగీతానికి కేవలం తన రెండు చేతులతో అపోలో 11 చంద్రయాత్ర మొత్తం చూపించాడు. వస్తువులు తగ్గేకొద్దీ ప్రేక్షకుడి ఊహ పని పెరుగుతుందన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మనుషులు వచ్చారు, బరువు పోయింది

2004లో జొనాథన్ ఫ్రేక్స్ దర్శకత్వంలో మనుషులు నటించిన ‘థండర్‌బర్డ్స్’ వచ్చింది. బిల్ పాక్స్‌టన్, బెన్ కింగ్స్‌లీ వంటి నటులున్నారు, కంప్యూటర్ గ్రాఫిక్స్ ఉన్నాయి. పెట్టిన ఖర్చు కూడా వెనక్కి రాలేదు.

బొమ్మలు లేకపోవడమే కారణమా? నేనలా అనుకోను. అసలు కథలో శత్రువు ఎక్కువగా ఒక తెగిన వైరు, ఒక లెక్క తప్పు, ఒక వరద, ఒక భూకంపం. ఈ చిత్రంలో శత్రువు ఒక దుర్మార్గుడు. పెద్దన్నలందర్నీ తండ్రితో సహా అంతరిక్ష కేంద్రంలో ఇరికించేసి, బడి పిల్లవాడైన అలన్, అతని ఇద్దరు స్నేహితులు దీవిలో దుర్మార్గుడితో దాగుడుమూతలు ఆడతారు. థేమ్స్ నదిలో పడిన మోనోరైలు పెట్టెను కాపాడే ఘట్టం వచ్చేసరికి చిత్రం చివరికి వచ్చేస్తుంది. కాపాడే కథ కాస్తా పోట్లాట కథ అయింది.

యంత్రాల సంగతికొస్తే, కంప్యూటర్‌లో వస్తువుకు బరువు దానంతటది రాదు. నమూనాను కింద పడేస్తే గురుత్వాకర్షణ తన పని తాను చేస్తుంది. కంప్యూటర్‌లో ఆ పని మనం లెక్కకట్టి చేయించాలి. ఇందులో యంత్రాలు చాలాచోట్ల కాగితపు గాలిపటాల్లా తేలుతాయి. ఇక ఆ జారుడు గొట్టాలు! చక్కగా నడవగలిగిన మనుషులకు అవి ఎందుకు? అవసరం పోయాక మిగిలిన అలంకారం అది.

సగం నమూనా, సగం కంప్యూటర్

2015 నుంచి 2020 వరకు ‘థండర్‌బర్డ్స్ ఆర్ గో’ అనే కొత్త ధారావాహిక మూడు విడతల్లో 78 భాగాలు వచ్చింది. న్యూజిలాండ్‌లోని వేటా వర్క్‌షాప్ నిజమైన నమూనా సెట్లు కట్టింది. పాత్రలు, వాహనాలు మాత్రం కంప్యూటర్‌వి. ఈ సంధి చాలావరకు ఫలించింది. నిజమైన వెలుగు పడిన రాళ్ల మధ్య వాహనం దిగుతుంటే బరువు కొంత తిరిగొచ్చింది. కాపాడటమే కథగా మళ్లీ నిలిచింది. లోపం వేగం. 50 నిమిషాల కథ 22 నిమిషాలకు కుదిరితే, ఇంజనీరు ఆలోచించే సమయమే మొదట తెగిపోతుంది. సమస్య వచ్చీ రాగానే పరిష్కారం తయారు. సైన్సు అలా జరగదని మీకు ప్రయోగశాలలో ఎన్నిసార్లు అనుభవమై ఉంటుందో!

అదే 2015లో అభిమానుల చందాలతో మరో ప్రయత్నం జరిగింది. 1960ల నాటి రికార్డుల్లో మూడింటిని తీసుకుని, ఆ పాత గొంతులకే కొత్తగా తీగల బొమ్మల్ని ఆడించి, లండన్ దగ్గరి స్లౌ పట్టణంలో మూడు భాగాలు తీశారు. అసలు ధారావాహిక తీసింది కూడా ఆ ఊళ్లోనే. చనిపోయిన నటుల గొంతులకు పెదవులు కదలడం వింతైన అనుభవం. ఇది పరిపూర్ణమైన పునర్నిర్మాణం. కాకపోతే పునర్నిర్మాణమే. కొత్త ప్రశ్నేదీ అడగదు.

మనం అడగవలసిన ప్రశ్న

అసలు దానిలోనే ఉన్న రెండు మచ్చల్ని అభిమానంతో మరచిపోకూడదు. మొదటిది, ప్రధాన దుర్మార్గుడు ‘హుడ్’ మలేషియా అడవిలోని గుడిలో ఉంటాడు, కళ్లతో మంత్రం వేస్తాడు. అతని సవతి సోదరుడు కిరానో ట్రేసీల ఇంట్లో సేవకుడు. తూర్పు దేశాల మనిషి అయితే మంత్రగాడు, లేకపోతే నౌకరు! 2004 చిత్రం ఈ పాత్రను ప్రశ్నించకుండానే, గుజరాతీ మూలాలున్న బెన్ కింగ్స్‌లీకి అప్పగించింది. 2015 ధారావాహిక మేలు. హుడ్ మేనకోడలు కేయోను రక్షణ బాధ్యురాలిని చేసింది, బ్రెయిన్స్‌ను భారతీయ మూలాలున్న ఇంజనీరుగా చూపింది. మేధావి మనవాడైనందుకు సంతోషిద్దాం, కానీ కథ అంతమాత్రాన మారిపోదు.

రెండోది ఇంకా లోతైనది. ఇంటర్నేషనల్ రెస్క్యూ ఒక కోటీశ్వరుడి కుటుంబ రహస్యం. వారి యంత్రాలను ఫోటో తీయడం కూడా నిషేధం. దాదాపు ఏ అవతారమూ దీన్ని గట్టిగా ప్రశ్నించలేదు. నిజ జీవితంలో రక్షణ రహస్యంగా ఎదగదు, పంచుకుంటేనే ఎదుగుతుంది. లెంగెడెలో వాడిన క్యాప్సూల్ పద్ధతి రహస్యమై ఉంటే రాణిగంజ్‌లో 65 మంది ఏమయ్యేవారు?

2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగంలో 41 మంది కార్మికులు 17 రోజులు చిక్కుకుపోయారు. పెద్ద తవ్వకం యంత్రం లోపలే విరిగింది. చివరి పది పన్నెండు మీటర్లు తవ్వింది చేతి పనిముట్లు పట్టిన ‘ర్యాట్ హోల్’ కార్మికులు. అది టైగర్ మాత్ కథే, ఈసారి నిజంగా. కానీ ప్రతి కథా అలా ముగియదు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలినప్పుడు చిక్కుకున్న ఎనిమిది మందిలో ఒక్కరూ ప్రాణాలతో రాలేదు. సమయానికి చేరే యంత్రం అన్న కల ఇంకా పూర్తిగా నిజం కాలేదు.

కనుక ఈ అవతారాల్లో ఏది చూసినా, ‘బొమ్మలు బాగున్నాయా?’ అన్న ప్రశ్నతో ఆగకండి. ఎవరిని కాపాడారు, ఏ సూత్రంతో కాపాడారు, ఆ యంత్రం అందరికీ అందుతుందా అని అడగండి. ఒకటే చూసే వీలుంటే 1965 నాటి మొదటి భాగం చూడండి. తర్వాత ఒక చిన్న ప్రయోగం చేయండి. అగ్గిపెట్టెలతో అడుగు ఎత్తు గోపురం కట్టి, ఇంట్లో ఉన్న సెల్‌ఫోన్‌ని సెకనుకు 120 ఫ్రేముల స్లోమోషన్‌లో పెట్టి కూల్చండి. ఆ వీడియోలో గోపురానికి ఎంత ఎత్తు వచ్చినట్టు కనిపిస్తుందో, ఎందుకో మీరే లెక్క కట్టండి. తర్వాత దాని కింద ఒక చిన్న బొమ్మను ఉంచి, దాన్ని బయటికి తీసే యంత్రం ఎలా ఉండాలో కాగితం మీద గీయండి. కష్టమైన లెక్క అక్కడే మొదలవుతుంది.